అంచు ఒక్కటే పట్టు: ‘ఎయిట్ ఎంఎం 2’

బరంపురం పట్టు కొనేటప్పుడు అంచు మీది కుంభాలు చూసి ఊరుకోం. మడత విప్పి ఒంటి నేత కూడా తడిమి చూస్తాం. ‘ఎయిట్ ఎంఎం 2’ (2005) సినిమాను అమ్మినవాళ్లు మాత్రం మనం మడత విప్పమనే అనుకున్నారు. దీన్ని తీసింది ‘ద వెల్వెట్ సైడ్ ఆఫ్ హెల్’ అన్న పేరుతో, వేరే కథగా. ఆ తర్వాత 1999 నాటి ‘ఎయిట్ ఎంఎం’ పేరు తగిలించి, హాళ్లకు పంపకుండా నేరుగా డీవీడీకి దించేశారు. మొదటిదాని హీరో నికొలస్ కేజ్ లేడు, ఆయన వేసిన డిటెక్టివ్ పాత్రా లేదు. దర్శకుడు జోయెల్ షూమాకర్ లేడు, రచయితా మారిపోయాడు.

మొదటిదేమీ మచ్చలేని సినిమా కాదు. చివర్లో దర్యాప్తు వదిలేసి పగ పట్టుకుంటుంది. అయినా దాని పట్టంతా రీలులో ఉంది. సూపర్ ఎయిట్ (8 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్మ్) కార్ట్రిడ్జిలో పట్టేది 50 అడుగులే. సెకనుకు 18 ఫ్రేముల లెక్కన 3 నిమిషాల 20 సెకన్లు. చిన్న బొమ్మ, నలకలు, మసక. చనిపోయిన కోటీశ్వరుడి ఇనప్పెట్టెలో అలాంటి 8 ఎంఎం రీలు దొరుకుతుంది. అందులో అమ్మాయిని చంపింది నిజంగానా, నటనా? డిటెక్టివ్ తప్పిపోయిన పిల్లల ఫైళ్లు ఒక్కొక్కటీ తిప్పి ఆ ముఖాన్ని పట్టుకుంటాడు. అక్కణ్నుంచి ఆ అమ్మాయి తల్లి ఇంటికి, ఆ ఇంట్లో ఫ్లష్ ట్యాంకులో దాచిన డైరీ దాకా వెళ్తాడు. ఒక మెట్టు ఎక్కితేనే ఇంకో మెట్టు.

రెండోదాంట్లో ఆ మెట్లే లేవు. బూడపెస్ట్‌లో డేవిడ్, అతనికి కాబోయే భార్య టిష్. ఆమె తండ్రి అమెరికా రాయబారి. ఒక మోడల్‌తో ఇద్దరూ గడిపిన రాత్రి ఎవరో రహస్యంగా తీసి డబ్బు గుంజడం మొదలుపెడతారు. ఎత్తుగడ బాగానే ఉంది, పరువు పోతుందన్న భయమూ పనిచేస్తుంది. కానీ ఆ దృశ్యాల్లోంచి ఒక్క ఆధారమైనా పిండాలి కదా? అది వదిలేసి జంటను క్లబ్బుల చుట్టూ తిప్పుతారు. వెళ్లిన ప్రతిచోటా కాసేపు ఒళ్లు చూపించడం, తర్వాత ఇంకో అడ్రసు. కథ ఆగిపోయిన చోటల్లా అతుకు అదే. బడ్జెట్ తక్కువని సరిపెట్టుకోవడానికి లేదు. ఫైళ్లు తిప్పే సీనుకు ఖర్చెంత? బల్ల, కుర్చీ, దీపం.

ఇలాంటి పార్ట్ టూలు చూసేముందు నటుల పట్టికలో పాత్రల పేర్లు మొదటి సినిమాతో పోల్చి చూడండి. ఒక్కటీ కలవకపోతే, రచయితా దర్శకుడూ కూడా కొత్తవాళ్లైతే, పేరు అతికించారేమోనని అనుమానించాల్సిందే.

చూసి తీరాలంటారా, శ్రీకాకుళం జిల్లా నౌపడలో రైలెక్కి మొదలుపెడితే ఒడిశాలోని గుణుపురం రాకముందే అయిపోతుంది. దారిలో పర్లాకిమిడిలో టీ కోసం ఆపి మళ్లీ పెట్టకపోయినా నష్టం లేదు. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి, ఫోను కిటికీ వైపు తిప్పుకోండి. పెద్దలకు మాత్రమే అన్న ముద్ర ఒక్కటే ఇందులో నిజం.