పాత ట్యాబ్లెట్‌కు కంపెనీ ఇచ్చిన చివరి అప్‌డేటా, లీనియేజ్ ఓఎస్సా?

2019లో ఆండ్రాయిడ్ 9తో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్5ఈకి తయారీ సంస్థ ఆండ్రాయిడ్ 11 వరకే అప్‌డేట్లు ఇచ్చింది. విజయవాడ, గుంటూరు ఇళ్లలో పిల్లల ఆన్‌లైన్ క్లాసులకని కొని, ఇప్పుడు పెద్దవాళ్ల చేతికి చేరిన ఇలాంటి ట్యాబ్లెట్లను ఉన్నవి ఉన్నట్టే వాడుకోవచ్చు, లేదా లీనియేజ్ ఓఎస్‌ను ఎక్కించుకోవచ్చు. ఇది కంపెనీ వదిలేసిన పరికరాలకూ కొత్త ఆండ్రాయిడ్‌ను అందించే ఉచిత వ్యవస్థ; ఇలాంటిదే అయిన సయనోజెన్‌మాడ్ 2016 డిసెంబరులో ఆగిపోయాక దాని వారసత్వంగా మొదలైంది.

మొదటిదానిలో శ్రమ లేదు. భద్రతా ప్యాచ్‌లు (లోపాలను సరిచేసే చిన్న అప్‌డేట్లు) ఆగిపోయినందున వ్యవస్థలో కొత్తగా బయటపడే లోపాలు అలాగే మిగిలిపోతాయి. అయినా యాప్‌లు ప్లే స్టోర్ నుంచి విడిగా అప్‌డేట్ అవుతుంటాయి కనుక, పాటలకూ వంటల వీడియోలకూ వాడేవారికి ఆ లోటు పెద్దగా తెలియదు.

రెండోదానికి ఓపిక కావాలి. సెట్టింగ్స్‌లో దాగి ఉండే డెవలపర్ ఆప్షన్లలో ఓఈఎం అన్‌లాక్‌ను (కంపెనీ వేసిన తాళం తీయడానికి అనుమతి) ఆన్ చేసి, ట్యాబ్లెట్‌ను ఆపి, రెండు వాల్యూమ్ బటన్లనూ నొక్కిపట్టి యూఎస్‌బీ కేబుల్ పెడితే హెచ్చరిక తెర వస్తుంది. అక్కడ బూట్‌లోడర్‌ను, అంటే ట్యాబ్లెట్ ఆన్ కాగానే వ్యవస్థను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌ను, అన్‌లాక్ చేయగానే లోపలి ఫొటోలతో సహా సమస్తం చెరిగిపోతుంది. ఆపై లీనియేజ్‌ను వేయడానికి వాడే బయటి రికవరీ ప్రోగ్రామ్‌ను ఎక్కిస్తే, శాంసంగ్ భద్రతా వ్యవస్థ అయిన నాక్స్‌లోని ఎలక్ట్రానిక్ ఫ్యూజ్ శాశ్వతంగా తెగుతుంది. మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసినా, ఫైళ్లను తాళం వేసి దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ పనిచేయదు. గూగుల్ యాప్‌లు కావాలంటే మొదటిసారి ఆన్ చేయకముందే వాటి ప్యాకేజీని విడిగా ఎక్కించాలి. కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోనని మొండికేస్తాయి కూడా.

అందుకే బ్యాంకు లావాదేవీలు నడిచే ట్యాబ్లెట్‌ను కదపకపోవడమే నా సలహా. పుస్తకాలకూ బ్రౌజింగ్‌కూ పరిమితమైనదైతే లీనియేజ్ వైపే మొగ్గుతాను. విజయవాడ గవర్నర్‌పేటలో ఏ దుకాణానికైనా ఇచ్చేటట్లయితే, ‘సాఫ్ట్‌వేర్ వేయండి’ అని ఊరుకోకుండా ఏది వేయాలో స్పష్టంగా చెప్పాలి. లేకుంటే కంపెనీ పాత సాఫ్ట్‌వేర్‌నే (ఫర్మ్‌వేర్) మళ్లీ ఎక్కించి ఇవ్వవచ్చు.