ముందు షాకబ్జర్లకు రెండేళ్లు: బాగున్నాయి, పైనున్న బేరింగ్ మాత్రం పాతది వేయకండి

విజయవాడ–గుంటూరు మధ్య దాదాపు రోజూ తిరిగే హ్యాచ్‌బ్యాక్. ముందు షాకబ్జర్ల జత ఇంట్లోనే మార్చాక 35 వేల కిలోమీటర్లు నడిచింది. ఆయిల్ కారలేదు. నా కోపమంతా వాటి నెత్తిన కూర్చుని, స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగ్‌ని తిరగనిచ్చే బేరింగ్ మీదే. చేత్తో తిప్పితే తిరుగుతోంది కదా అని పాతదే మళ్లీ వేయడం పెద్ద తప్పు.

నాలుగో నెలలో బయటపడింది. సెల్లార్‌లో బండి ఆపి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఎడమవైపు 'టంగ్' మని మోత. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది నేరుగా రాదు. రోడ్డు మీద ఏ చప్పుడూ లేదు, అయినా చక్రం దగ్గరి కీళ్లయిన లింక్ రాడ్‌నూ బాల్ జాయింట్‌నూ అనుమానిస్తూ కూర్చున్నాను. అసలు పరీక్ష చాలా తేలిక. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగ్‌కి బయటి నుంచి అరచేయి ఆనించాలి (చుట్ల మధ్య వేళ్లు పెట్టొద్దు). బేరింగ్ మంచిదైతే స్ప్రింగ్ చక్రంతోపాటు సాఫీగా తిరుగుతుంది. పట్టేసిందైతే మెలిపడి, కాసేపు ఆగి, ఒక్కసారిగా జారుతుంది. ఆ మోత ఆ జారుడుదే. చేతిలో ఉన్నప్పుడు దాని మీద బరువు ఉండదు కాబట్టి తిరిగింది. విప్పి చూస్తే లోపల బురద, తుప్పు, గుండ్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ కేజ్ విరిగిపోయి ఉంది.

దానికోసం పనంతా మళ్లీ మొదటికి. చక్రం, బ్రేక్ హోస్ క్లిప్, ఏబీఎస్ వైరు, లింక్ రాడ్ నట్, నకిల్‌ని (చక్రాన్ని మోసే ఇనుప ముక్క) పట్టుకునే రెండు పెద్ద బోల్టులు, పైన బాడీకి పట్టే మౌంట్ నట్లు, ఆఖరికి చక్రాల అలైన్‌మెంట్ కూడా. ఆటోనగర్‌లో జత కొనేరోజే మౌంట్లు, బేరింగ్‌లు, బంప్ స్టాప్‌లు (గట్టి కుదుపును ఆపే రబ్బరు ముక్కలు), డస్ట్ బూట్లు (రాడ్‌కి దుమ్ము పట్టకుండా తొడిగేవి) రెండేసి తీసుకోండి.

స్ప్రింగ్‌ని నొక్కిపట్టే కంప్రెసర్లు రెండూ సరిగ్గా ఎదురెదురుగా పెట్టి, మార్చి మార్చి బోల్టుని రెండేసి తిప్పులు బిగించాలి. స్ప్రింగ్ తన సీటులో (అది కూర్చునే పళ్లెంలో) వదులై కదిలేదాకా పైనున్న నడి నట్టు ముట్టుకోవద్దు, నొక్కుకున్న స్ప్రింగ్ ఎగిరే విసురుకి ప్రాణం పోతుంది. నట్లు తిప్పే ఇంపాక్ట్ గన్ వద్దే వద్దు. రాడ్ తిరిగిపోకుండా అలెన్ కీతో పట్టాలి. ప్లయర్‌తో పడితే క్రోమ్ మీద గీత పడి, ఆ గీత సీల్‌ని కోసేస్తుంది. బిగించేటప్పుడు స్ప్రింగ్ కొస సీటులోని మెట్టుకి ఆనిందో లేదో చూడండి.

మొదటి నెలలో 'కొత్త బండిలా ఉంది' అన్నాను. పాతవి పూర్తిగా చచ్చాక మార్చినవి కాబట్టి ఏవి వేసినా అలాగే అనిపించేదేమో. హైవే మీద బండి ముక్కు ఊగడం ఇప్పటికీ లేదు గానీ, ఊళ్లో చిన్న గుంతలకు కాస్త గట్టిగానే కొడుతున్నాయి. ఎక్కువగా ఇద్దరమే తిరుగుతాం కాబట్టి అది మాకు తెలుస్తోంది, బండి నిండా మనుషులుండే వాళ్లకు అంత తెలియకపోవచ్చు.

చదునైన సిమెంటు నేల, రెండు జాక్ స్టాండ్లు, తోడుగా ఒక మనిషి ఉన్నందుకే ఇంట్లో కుదిరింది. అవి లేకపోతే మెకానిక్ దగ్గరికే వెళ్లండి, వెళ్లేటప్పుడు కొత్త బేరింగ్‌లు మీరే తీసుకెళ్లండి.