ఎండాకాలం కుండీల్లో ఏది మేలు? నాచు పూలా, బిళ్ళ గన్నేరా?

సంక్రాంతికి విరగబూసిన పెటూనియా, చామంతి మార్చి దాటేసరికి మాడిపోతాయి. నెల్లూరు, ఒంగోలు డాబాల మీద రోహిణి కార్తె ఎండను, పడమటి గాలిని తట్టుకుని కుండీలో పూసేవి తక్కువ. నా లెక్కలో ముందు వరసలో ఉండేవి నాచు పూలు, బిళ్ళ గన్నేరు. జినియా కూడా బాగుంటుంది గానీ ఒక పూట నీళ్ళు తప్పితే వాలిపోతుంది. సెలవులకు ఊరెళ్ళే ఇళ్ళకు అది వద్దు.

నాచు పూలనే నర్సరీల్లో టేబుల్ రోజ్ అంటారు. ఆకుల్లో, కాడల్లో నీళ్ళు దాచుకుంటుంది కాబట్టి ఒకటి రెండు రోజులు మర్చిపోయినా బతుకుతుంది. పక్కింటివాళ్ళను వేలెడు కొమ్మ అడిగి గుచ్చితే చాలు, నాటుకుంటుంది. లోతు లేని వెడల్పాటి తొట్టిలో ఎరుపు, పసుపు, గులాబీ రంగులు కలిపి వేస్తే ఎంత అందమో! కానీ ఎండ ఎక్కాకే విచ్చుకుంటుంది, మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు దాని పూలను ఆదివారమే చూడగలరు.

బిళ్ళ గన్నేరుకు ఆ ఇబ్బంది లేదు. సాయంత్రం డాబా ఎక్కినా పూలు విచ్చుకునే ఉంటాయి, వాడినవి వాటంతటవే రాలిపోతాయి. రోడ్డు పక్కన మొలిచే మొక్కేగా అని చాలామంది చిన్నచూపు చూస్తారు, నాకది బాధగా ఉంటుంది. ఎండకు చావదు, కుండీ అడుగున నీళ్ళు నిలిస్తే మాత్రం వేరు కుళ్ళి వాలిపోతుంది. వాలిందని మనం ఇంకా నీళ్ళు పోస్తాం, దాంతో పూర్తిగా పోతుంది. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పోయండి.

బిళ్ళ గన్నేరుకు మట్టి కుండీయే మంచిది, వేరుకు చల్లగా ఉంటుంది. నాచుకు చిల్లులున్న పాత టబ్బయినా చాలు. రెండిటికీ ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపండి. ఒంగోలు చుట్టుపక్కల దొరికే నల్లరేగడి ఒక్కటే నింపితే నీళ్ళు దిగవు. కుండీ కింద ఇటుకలు పెడితే స్లాబు వేడి నేరుగా తగలదు.

సముద్రం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. అప్పుడప్పుడు మంచినీళ్ళు అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి ఆ ఉప్పును కడిగేయాలి. ఆర్‌ఓ మెషిన్ వదిలే వేస్ట్ నీళ్ళలో ఉప్పు ఇంకా ఎక్కువ, అవి పోయకండి.

ఒక్కటే పెట్టుకోవాలంటే నేను బిళ్ళ గన్నేరే పెట్టమంటాను. ఇంట్లో పాకే పిల్లలుంటే మాత్రం నాచు పూలే పెట్టండి, ఎందుకంటే బిళ్ళ గన్నేరు మొక్కంతా విషమే. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు దీని నుంచే వస్తుంది. షుగరుకు మంచిదని ఆకులు నమలడం ప్రమాదం.

అక్టోబరులో మన వానలు మొదలవగానే బిళ్ళ గన్నేరు కుండీలను సన్‌షేడ్ కిందకు జరపండి.