కొండరాళ్లు ఎక్కే ‘బిగినర్ కిట్’ కొంటున్నారా? ముందు ఇది చదవండి

ఫోన్‌లో ప్రకటనలు చూసి స్క్రాంబ్లింగ్ (చేతులూ కాళ్లూ ఆనించి రాళ్లెక్కడం) మొదలెడదామనుకుంటున్న కోనసీమ, భీమవరం, రాజమండ్రి వైపు వాళ్లందరికీ చెబుతున్నానండి. తాడు, హెల్మెట్, హార్నెస్ (నడుముకి, తొడలకి కట్టుకునే పట్టీలు), కారాబైనర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు), బూట్లు అన్నీ ఒకే సంచిలో పెట్టి ఐదారు వేలకే ఇస్తామనేవాళ్ల దగ్గర కొనకండి. మా తమ్ముడి కోసం తెప్పించిన కిట్‌లో ప్రాణం అప్పజెప్పదగ్గ వస్తువు ఒక్కటీ లేదు.

మాది అమలాపురం దగ్గర. చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు. రాయి ఎక్కాలంటే మారేడుమిల్లి వైపో, పాపికొండల వైపో పోవాలి. ఇలాంటి సామాను చేత్తో పట్టుకుని చూసి కొనే షాపు మా చుట్టుపక్కల లేదు, ఫోటో నమ్మాల్సిందే. ఇలాంటి అమ్మకందార్లకి కావాల్సిందీ అదే.

అన్నిటికంటే భయపెట్టింది తాడు. పార్సిల్ విప్పగానే మా బాబాయి చేత్తో నలిపి చూశారు. యానాంలో ఆయనకి పడవ ఉంది. “ఒరేయ్, ఇది రేవులో పడవ కట్టుకునే తాడురా” అన్నారు. చిన్న ముక్క కోసి బకెట్ నీళ్లలో వేస్తే పైకి తేలింది. నైలాన్ నీళ్లకంటే బరువు, మునుగుతుంది. తేలేది పాలీప్రొపిలీన్. కొండలెక్కేవాళ్లు వాడే డైనమిక్ తాడు నైలాన్‌తో చేస్తారు. మనిషి జారి పడితే అది సాగుతూ ఆ కుదుపుని తను తీసుకుంటుంది. ఇలాంటి తాళ్లకి ఉన్న యూరప్ ప్రమాణం ఈఎన్ 892 పరీక్షలో, బరువు మొదటిసారి పడ్డప్పుడు తాడు 40 శాతం దాకా సాగొచ్చు. సాగని తాడు మనిషిని ఆపినా ఆ దెబ్బంతా ఒంటి మీదే పడుతుంది.

కారాబైనర్ల మీద ఒక్క అంకె కూడా లేదు. అసలైనవాటి మీద నిలువుగా లాగితే ఎంత, అడ్డంగా లాగితే ఎంత, గేటు (తెరుచుకునే భాగం) తెరిచి ఉంటే ఎంత బలం కాస్తాయో కిలోన్యూటన్లలో (బలాన్ని కొలిచే కొలత) చెక్కి ఉంటుంది. నిలువు బలం మామూలుగా 20 కిలోన్యూటన్ల పైనే. మాకొచ్చినవి తాళాలగుత్తికి తగిలించుకునే రకం. హెల్మెట్ మీద ‘సీఈ’ (యూరప్ నిబంధనలకి సరిపోతుందనే గుర్తు) అని స్టిక్కర్ అంటించారు తప్ప, పర్వతారోహణ హెల్మెట్లకి ఉండాల్సిన ఈఎన్ 12492 ప్రమాణం అంకె ఎక్కడా లేదు. బూట్ల సంగతి చెప్పక్కర్లేదు, నూతి గట్టు మీద తడి రాయికే పట్టు దొరకలేదు.

వెనక్కి తీసుకోమంటే “సంచి విప్పేశారుగా, కుదరదు” అన్నారు. తర్వాత ఫోనెత్తడం మానేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మే సంస్థ మన ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అందుకని పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, బిల్లు దాచుకోండి.

ఇంకో మాట, ఇది మరీ ముఖ్యం. చేతులూ కాళ్లూ ఆనించి ఎక్కే తేలిక స్థాయి రాళ్లకి కొత్తవాళ్లకి తాడే అక్కర్లేదు. పట్టున్న రబ్బరు అడుగుతో బూట్లు, నిజమైన హెల్మెట్ చాలు. ఎక్కినదాని కంటే దిగడం కష్టం కాబట్టి, దిగలేననిపించిన చోటికి ఎక్కకూడదు. వానాకాలంలో నాచు పట్టిన రాళ్ల జోలికి అసలు వెళ్లొద్దు. తాడు ఎక్కడ కట్టాలో, పడేవాణ్ణి ఎలా ఆపాలో నేర్పేవాళ్లు లేకుండా తాడు పట్టుకెళ్తే, ఒకడు జారితే ఇద్దరూ పోతారు. నేర్చుకోవాలనుంటే ఆ డబ్బు శిక్షణకి పెట్టండి. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు భువనగిరి గుట్ట మీదే నేర్చుకుంది. ఉత్తరకాశీలో 1965 నుంచి నడుస్తున్న నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఉంది.

ఈలోగా ఎవరి దగ్గరైనా కొనాల్సివస్తే, డబ్బు కట్టకముందే ఆ వస్తువు మీది ప్రమాణం ముద్రని దగ్గర్నుంచి ఫోటో తీసి పంపమనండి. పంపకపోతే ఆర్డరు పెట్టకండి.