కస్టమ్ రోమ్ చేసుకుంటూ ఉండాలా, ఫోన్ కంపెనీలో చేరాలా?

కస్టమ్ రోమ్ అంటే కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ బదులు ఫోన్‌లో వేసుకోవడానికి బయటి డెవలపర్లు తయారుచేసే వెర్షన్. అందులో పేరున్న డెవలపర్‌కు ఫోన్ కంపెనీ నుంచి పిలుపు రావడం కొత్తేమీ కాదు. వెళ్లాలా వద్దా అన్నదే టెన్షన్.

డబ్బు: సొంతంగా అయితే విరాళాలే దిక్కు. ఉద్యోగంలో నెల తిరిగేసరికి జీతం. ఇక్కడ పోటీయే లేదు.

పని: బయట ఉంటే కెమెరా డ్రైవర్ సోర్స్ కోడ్ దొరక్క రాత్రిళ్లు తల పట్టుకోవాలి. కెర్నల్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడే ఆండ్రాయిడ్ అడుగు భాగం) జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉంది కాబట్టి దాని సోర్స్ కంపెనీలు ఇవ్వాల్సిందే. బ్లాబ్‌లకు, అంటే సోర్స్ లేకుండా వచ్చే మిగతా రెడీమేడ్ ఫైళ్లకు, ఆ నిబంధన వర్తించదు. లోపలికి వెళ్తే వాటిలో చాలావరకు చేతికందుతాయి. కానీ నచ్చిన ఫీచర్‌ను రాత్రికి రాత్రి పెట్టేయలేరు, సర్టిఫికేషన్లు దాటాలి.

రిస్క్: మీరు వెళ్లాక ప్రాజెక్టు ఆగిపోవచ్చు. సయనోజెన్‌మాడ్ అనే కస్టమ్ రోమ్ మొదలుపెట్టిన స్టీవ్ కోండిక్ 2011లో శాంసంగ్‌లో చేరారు. ప్రాజెక్టును మోసేవాళ్లు ఇంకొందరు ఉన్నారు కాబట్టి అది ఆగలేదు. (అసలు దెబ్బ తర్వాత తగిలింది. 2013లో దాని చుట్టూ పెట్టిన కంపెనీ 2016 చివర్లో సేవలు ఆపేసింది. కోడ్ మాత్రం లీనేజ్‌ఓఎస్ అనే కొత్త రోమ్‌గా బతికింది.) పారనాయిడ్ ఆండ్రాయిడ్ అనే మరో రోమ్‌కు ఆ అదృష్టం లేదు. 2015లో కీలక డెవలపర్లు కొందరు వన్‌ప్లస్‌కు వెళ్లాక బాగా నెమ్మదించింది.

ఒప్పందం: ఖాళీ సమయంలో రాసిన కోడ్ కూడా కంపెనీదే అనే షరతు ఉండొచ్చు. సంతకానికి ముందే అడగండి.

ఇంటి బాధ్యతలుండి, ప్రాజెక్టును అప్పగించడానికి నమ్మకమైన మనిషి ఉంటే చేరిపోండి. చదువుకుంటున్నా, వేరే జీతం వస్తున్నా సొంత రోమే మేలు. ఒక్కరే నడుపుతుంటే మాత్రం ముందు ఇంకొకరికి పని నేర్పి, తర్వాత ఆఫర్ సంగతి చూడండి.