మహేంద్రగిరి: చలికోటు, మంచినీళ్ళు, ఒక రోజంతా సమయం ఉంచుకోండి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా గజపతి జిల్లాలోనే ఉన్న కొండ, 1501 మీటర్ల ఎత్తు, అయినా ఇన్నాళ్ళకి మొన్న కార్తీకంలో అమ్మని తీసుకుని వెళ్ళగలిగాం.

కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాతకాలం రాతి గుళ్ళు ఉన్నాయి. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగులు కొలిచిన గోకర్ణేశ్వరుడు ఈ కొండమీది స్వామే. ఇక్కడ రాజేంద్ర చోళుడి శాసనం కూడా ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది భీముడి గుడి. చిన్నదే, కానీ ఒక్కో బండరాయి ఎంత పెద్దదంటే పక్కన నిలబడితే మనిషి కనబడడు. రాయి మీద చెయ్యి పెడితే మంచు తడి, వేళ్ళకి పచ్చటి నాచు అంటుకుంది. అంతలో మబ్బు వచ్చి గుడిని మొత్తం కప్పేసింది, అమ్మ "పరశురాముడు ఇక్కడే తపస్సు చేసుకుంటున్నాడంటారు నాన్నా, గట్టిగా మాట్లాడకు" అంది.

మేము మాట్లాడుకున్న జీపు వాళ్ళు మాత్రం పైకి చేరాక రేటు పెంచేశారు, అమ్మకి టెన్షన్ పట్టుకుంది. రానుపోను, వెయిటింగు అన్నీ కలిపి కిందే ఖరారు చేసుకోండి. శివరాత్రికి ఇటు ఒడిశా, అటు శ్రీకాకుళం వైపు నుంచి జనం విపరీతంగా వస్తారు, పెద్దవాళ్ళతో అయితే ఆ రోజు వద్దు. తిండి ఇంటినుంచే పట్టుకెళ్ళండి, ఆ ప్లాస్టిక్ కవర్లు దయచేసి మళ్ళీ కిందికి తెచ్చుకోండి, గుడి వెనకాల చూస్తే బాధేసింది.

అయిదుకి అయిదు. చలికాలంలో మళ్ళీ వెళ్తాం.