ఎయిర్ రైఫిల్‌కు పెల్లెట్ల లాట్ పరీక్ష: గుంటూరు అరండల్‌పేట దుకాణంపై సమీక్ష

గుంటూరు అరండల్‌పేటలో క్రీడా సామగ్రి అమ్మే ఒక చిన్న దుకాణంవారు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాల్చేవారి కోసం పెల్లెట్ల (ఆ రైఫిల్‌లో కాల్చే చిన్న సీసపు గుళ్ల) పరీక్ష చేసిపెడుతున్నారు. మన రైఫిల్‌ను వెంట తీసుకువెళితే, దుకాణం వెనకనున్న రేకుల షెడ్డులో దానిని వైస్‌లో (కదలకుండా పట్టే ఇనుప బిగింపులో) బిగించి, తమ దగ్గర నిల్వ ఉన్న మ్యాచ్ పెల్లెట్లలో, అంటే పోటీ రకం పెల్లెట్లలో, ఏ లాట్ (ఒకే దఫాలో తయారైన సరుకు) ఆ బ్యారెల్‌కు నప్పుతుందో కాగితం మీద కాల్చి చూపించి, ఆ లాట్ డబ్బాలను మనకు అమ్ముతారు. పోటీలకు సిద్ధమవుతున్న మా అమ్మాయి రైఫిల్‌ను తీసుకుని విజయవాడ నుంచి వెళ్లి ఈ పరీక్ష చేయించుకున్నాము. పని నాణ్యంగా చేశారు, తీసుకున్న రుసుముకు న్యాయం జరిగింది. అయితే ఇది అందరికీ అవసరమైన సేవ కాదు, లోపాలు లేనిదీ కాదు.

పెల్లెట్ల కోసం ఇంత హడావిడి ఎందుకని అడిగేవారికి లక్ష్యం కొలతలే సమాధానం చెబుతాయి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పదో వలయం అర మిల్లీమీటరు వ్యాసం గల ఒక చుక్క. పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. కాబట్టి దాని అంచు ఆ చుక్కను తాకినా పది వస్తుంది; అంటే పెల్లెట్ కేంద్రం లక్ష్య కేంద్రానికి 2.5 మి.మీ. లోపల పడాలి. ఇప్పుడు లెక్క దశాంశాలలో వేస్తున్నారు గనుక 10.0 నుంచి 10.9 వరకు ఒక్కొక్క మెట్టు పావు మిల్లీమీటరు మాత్రమే. అర్హత పోటీలో 60 షాట్లు, గరిష్ఠంగా 654 పాయింట్లు. సగటున ఒక్కో షాట్‌కు 0.1 చేజారినా పోటీ ముగిసేసరికి 6 పాయింట్లు పోయినట్టే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్, అర్హత పోటీ, ఫైనల్ స్కోర్లను కలిపే అప్పటి లెక్కలో, 701.1తో కాంస్యం గెలిచినప్పుడు, రజతం గెలిచిన ఇటలీ షూటర్ స్కోరు 701.5. ఆ స్థాయిలో వెంట్రుకవాసి తేడాలకు ఎంత విలువ ఉందో వేరే చెప్పనక్కరలేదు.

పాశ్చాత్య దేశాలలో దూరపు లక్ష్యాలను కాల్చే రైఫిల్ షూటర్లు తమ తూటాలను తామే ఇంట్లో నింపుకుంటారు. ఇత్తడి తొడుగులను తూకంవేసి వేరుచేయడం, తుపాకిమందును మిల్లీగ్రాముల దాకా కొలవడం, తొడుగులో బుల్లెట్ ఎంత లోతున కూర్చోవాలో సరిచూసుకోవడం, ఇవన్నీ ఆ పనిలో భాగమే. వారు వెతికేది ఏ కలయిక తమ బ్యారెల్‌లో ఒకే తీరుగా పనిచేస్తుందోనన్నది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం కాబట్టి ఆ దారి మనకు లేదు. ఎయిర్ రైఫిల్‌లో మందు స్థానంలో సిలిండర్‌లోని గాలి ఉంటుంది, ఆ గాలి పీడనాన్ని రెగ్యులేటర్ చూసుకుంటుంది. పెల్లెట్ ఫ్యాక్టరీ నుంచి తయారై వస్తుంది. కనుక మన చేతిలో మిగిలేది ఎంపిక ఒక్కటే. అయితే ఆ ఎంపిక పైకి కనిపించేటంత తేలిక కాదు.

మ్యాచ్ పెల్లెట్ తల చదునుగా ఉంటుంది, నడుము సన్నగా ఉంటుంది, స్కర్ట్ అనే వెనక భాగం లంగా అంచులా విచ్చుకుని ఉంటుంది. చదును తల కాగితంలో గుండ్రని, శుభ్రమైన రంధ్రం చేస్తుంది. తల బ్యారెల్ లోపల మెలితిరిగి ఉండే గట్ల మీద కూర్చుని దారి చూపుతుంది; పలచని స్కర్ట్ వెనక నుంచి తోసే గాలికి విచ్చుకుని, గాలి పక్కనుంచి జారిపోకుండా బ్యారెల్ గోడను మూస్తుంది. తల వ్యాసం 4.49 మి.మీ., 4.50 మి.మీ. అంటూ డబ్బా వెనక చీటీ మీద అచ్చువేస్తారు. ఆ పక్కనే లాట్ నంబరు ఉంటుంది. ఒకే పేరు, ఒకే సైజు ఉన్న రెండు డబ్బాలు వేర్వేరు అచ్చుల నుంచి, వేర్వేరు సీసం దఫాల నుంచి వచ్చి ఉండవచ్చు. కొలతలో మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని ఆ తేడాను వేలు గుర్తించలేదు గాని బ్యారెల్ గుర్తిస్తుంది. మిర్చి యార్డులో ఊరి పేరు విని ఊరుకోకుండా ఏ లాటుకు ఆ లాటు బస్తా కోసి, గుప్పెడు తీసి చూసి ధర కట్టే ఊరిలో ఈ సూత్రాన్ని ఎవరికీ విడమరిచి చెప్పవలసిన పనిలేదు.

దుకాణంలో ఆర్‌డబ్ల్యూఎస్ వారి ఆర్10, హెచ్ అండ్ ఎన్ వారి ఫినాలే మ్యాచ్, చెక్ దేశానికి చెందిన జేఎస్‌బీ మ్యాచ్ రకాలు ఉన్నాయి. రైఫిల్‌కు వాడే ఆర్10, ఫినాలే మ్యాచ్ పెల్లెట్లు రెండూ 0.53 గ్రాముల బరువువే. శిక్షణకు వాడే చవక రకాలు కూడా అమ్ముతారు గాని వాటిని పరీక్షకు పెట్టరు. అది సబబే.

పరీక్ష చేసే పద్ధతిని కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సేవ విలువ అంతా అందులోనే ఉంది. దుకాణం యజమాని అరవై దాటిన పెద్దాయన. ముందుగా రైఫిల్‌లో పెల్లెట్ లేదని ఒకటికి రెండుసార్లు చూసి, భుజానికి ఆనించే బట్ భాగాన్ని విప్పి, బ్యారెల్‌తో ఉన్న ఇనుప భాగాన్ని మాత్రమే వైస్‌లో బిగించారు. ఆ వైస్‌ను నేలలో పోసిన సిమెంటు దిమ్మెకు బోల్టులతో కట్టారు. ఫెల్ట్ ముక్కలతో బ్యారెల్ తుడిచాక, కొత్త లాట్‌కు మారిన ప్రతిసారీ మొదటి కొన్ని పెల్లెట్లను లెక్కలోకి తీసుకోకుండా ఊరికే కాల్చారు. పాత రకం వదిలిన సీసపు పూత, పెల్లెట్ల మీది నూనెజిడ్డు మారి కొత్త రకానికి బ్యారెల్ అలవాటుపడేవరకు రంధ్రాలు అటూఇటూ పడతాయన్నది ఆయన వివరణ. ఆ తరువాత పది షాట్లు ఒకే చోట కాల్చి, కాగితాన్ని జరిపి, మళ్లీ పది కాల్చారు. రంధ్రం బయటి అంచు నుంచి అంచు వరకు డిజిటల్ కాలిపర్‌తో కొలిచి, అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 తీసివేసి, మిగిలిన సంఖ్యను లాట్ నంబరు పక్కన అట్టమీద రాశారు. వైస్ దగ్గర కూర్చున్నంతసేపూ ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

పది షాట్లు ఎందుకన్న విషయం మాకంటే ముందు వచ్చిన ఒక కుర్రాడి విషయంలో తేలిపోయింది. అతని రైఫిల్‌లో ఒక లాట్ ఐదు షాట్లకు దాదాపు ఒకే రంధ్రం చేసింది. "ఇంకేముందండీ, ఇదే ఇచ్చేయండి" అన్నాడు. "ఇంకో ఐదు పడనీ బాబూ, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు పెద్దాయన. మిగిలిన ఐదింటిలో రెండు పక్కకు తొలిగి గుండ్రని రంధ్రాన్ని వేరుశనగ కాయ ఆకారంలోకి సాగదీశాయి. షాట్ల సంఖ్య పెరిగేకొద్దీ గ్రూప్, అంటే రంధ్రాలు చెదిరిన మేర, పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. తక్కువ షాట్లతో అందంగా కనిపించిన గ్రూప్ చాలాసార్లు అదృష్టం వల్ల వచ్చినదే. రెండు లాట్‌లను పోల్చేటప్పుడు షాట్ల సంఖ్య సమానంగా ఉండాలని, ఒక్క గ్రూప్‌తో తీర్పు చెప్పకూడదని ఆ షెడ్డు గోడ మీద రాసిపెట్టలేదు గాని అక్కడ జరిగే పనంతా ఆ నియమం ప్రకారమే సాగుతుంది.

మా ఫలితాలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఒకే కంపెనీకి చెందిన రెండు డబ్బాల మధ్య తేడా. పేరు అదే, తల సైజు అదే 4.50, ధర కూడా అదే. లాట్ నంబరు మాత్రమే వేరు. ఒకదాని గ్రూప్ కేంద్రం నుంచి కేంద్రానికి ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువగా వస్తే, రెండోది దానికి రెట్టింపు చెదిరింది. మరో కంపెనీ 4.49 సైజు ఈ రెండింటి నడుమ నిలిచింది. ఇక్కడ కంపెనీల పేర్లు ఉద్దేశపూర్వకంగానే చెప్పడం లేదు, ఎందుకంటే మరో బ్యారెల్ పెడితే ఈ వరుస తలకిందులు కావచ్చు; నా పట్టిక చూసి ఎవరైనా డబ్బాలు కొంటే ఈ పరీక్షకు అర్థమే లేకుండా పోతుంది. రైఫిల్‌తోపాటు ఫ్యాక్టరీవారు ఇచ్చిన పరీక్ష కాగితం మా దగ్గర ఉన్నప్పటికీ, వారు దానిని ఏ లాట్‌తో కాల్చారో ఆ లాట్ బజారులో దొరికే అవకాశం ఎలాగూ లేదు.

పెల్లెట్లను ఒక్కొక్కటిగా తూకంవేసి వేరుచేయాలా అన్నది మన షూటర్లలో ఎడతెగని చర్చ. బంగారం తూచే కాటా ఇంట్లో పెట్టుకుని రాత్రిళ్లు కూర్చునేవారు నాకు తెలుసు. లెక్క వేసి చూద్దాం. సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో బయలుదేరిన పెల్లెట్ పది మీటర్ల దూరం చేరేసరికి భూమ్యాకర్షణ వల్ల దాదాపు 18 మి.మీ. కిందికి దిగుతుంది. వేగం ఒక శాతం మారితే ఆ దిగుడు రెండు శాతం, అంటే దాదాపు 0.36 మి.మీ. మారుతుంది, అది ఒక దశాంశం కంటే ఎక్కువే. కాని బరువులో రెండు మిల్లీగ్రాముల తేడా, తోసే శక్తి ఒకటే అనుకుంటే, వేగాన్ని 0.2 శాతం కూడా మార్చదు; లక్ష్యం మీద దాని ప్రభావం 0.07 మి.మీ. దగ్గర ఆగుతుంది. మంచి లాట్ దొరికాక కాటాతో వచ్చే లాభం స్వల్పం. దానికంటే రెగ్యులేటర్ సక్రమంగా పనిచేస్తున్నదా లేదా అని చూసుకోవడం ముఖ్యం, ఎందుకంటే వేగంలో పెద్ద ఊగిసలాటకు కారణం అదే అవుతుంది. ఈ దుకాణంలో వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ లేకపోవడం నా దృష్టిలో పెద్ద లోటు. గ్రూప్ నిలువుగా సాగినప్పుడు తప్పు పెల్లెట్‌దా, రెగ్యులేటర్‌దా అని తేల్చే సాధనం అక్కడ లేదు.

తూకం కంటే చూపు మేలు. స్కర్ట్ అంచు నొక్కుకుపోయిన పెల్లెట్ ఎంత మంచి లాట్‌దైనా దారి తప్పుతుంది. ఇంతకుముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక డబ్బాలో, లోపల సరైన మెత్త లేకపోవడం వల్ల ప్రయాణంలో పెల్లెట్లు ఒకదానికొకటి కొట్టుకుని, చాలావాటి అంచులు కోలగా మారాయి. అమ్మినవారు తిరిగి తీసుకోలేదు. ఈ దుకాణంలో డబ్బాను మన ఎదుటే తెరిచి, కొన్నింటిని గాజుపలక మీద దొర్లించి చూపిస్తారు. సరైన పెల్లెట్ తన ఆకారాన్ని బట్టి వంపు తిరుగుతూ నున్నగా దొర్లుతుంది, నొక్కుపడినది తడబడుతుంది. మా అమ్మాయి ఆ పలక దగ్గరే చాలాసేపు కూర్చుండిపోయింది. "చేతులు కడుక్కోమ్మా, అది సీసం" అని పెద్దాయన హెచ్చరించి సబ్బు చూపించారు.

ఇక అసౌకర్యాలు. రేకుల షెడ్డులో ఎండాకాలం మధ్యాహ్నం కూర్చోవడం శిక్షే. పంకా వేస్తే కాగితం కదులుతుందని ఆపేస్తారు. అరండల్‌పేట లైన్లలో కారు నిలపడానికి చోటు దొరకడం కష్టం, పొడవాటి రైఫిల్ పెట్టెను చేత పట్టుకుని దూరం నడవవలసి వస్తుంది. వైస్‌కు తగిన దిమ్మెలు కొన్ని జర్మన్ రైఫిళ్లకు మాత్రమే ఉన్నాయి. దేశంలో తయారైన కొన్ని నమూనాలు అందులో ఇమడవని ముందే చెబుతారు గాని, ఫోన్ చేయకుండా వచ్చినవారు వెనుదిరగవలసిందే. నప్పిన లాట్ డబ్బాలను వారంకంటే ఎక్కువ రోజులు మనకోసం అట్టేపెట్టరు. మ్యాచ్ రకం ధర శిక్షణ రకానికి రెట్టింపు పైనే ఉన్నప్పుడు, సంవత్సరానికి సరిపడా డబ్బాలు ఒకేసారి కొనగలవారు ఎంతమంది ఉంటారు? ఈ నిబంధనను యజమాని సడలించాలి.

ఎవరికి ఉపయోగం అన్నదానికి నా దగ్గర ఒక కొలమానం ఉంది. షూటర్ చేతి చెదురుబాటు, పెల్లెట్ చెదురుబాటు నేరుగా కూడుకోవు. రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే అసలు చెదురుబాటు వస్తుంది. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లవాడి షాట్లు 10 మి.మీ. మేర చెదురుతున్నాయనుకుందాం. పెల్లెట్ చెదురుబాటు 2 మి.మీ. నుంచి 1 మి.మీ.కి తగ్గినా మొత్తం 10.2 నుంచి 10.05కు మాత్రమే దిగుతుంది. ఆ డబ్బును శిక్షణ మీద ఖర్చుపెట్టడం వివేకం. అదే 4 మి.మీ.లో నిలబెట్టగల షూటర్‌కు మొత్తం 4.47 నుంచి 4.12కు తగ్గుతుంది. అప్పుడు ఈ పరీక్ష రుసుము దండగ కాదు, పైగా కొనుగోలు బిల్లులోంచి దానిని తగ్గిస్తారు.

వెళ్లదలచినవారు ముందుగా ఫోన్‌లో రైఫిల్ నమూనా చెప్పి సమయం తీసుకోవాలి. సిలిండర్‌ను 200 బార్‌కు నింపుకుని వెళ్లడం మంచిది, అక్కడ నింపే పంపు ఉన్నా వరుస ఎక్కువగా ఉంటుంది. ఇప్పుడు వాడుతున్న డబ్బాను కూడా వెంట తీసుకువెళితే కొత్త లాట్‌లతోపాటు దానినీ కాల్చి చూపిస్తారు. మాకు అలాగే చేశారు, దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు. పార్సిల్‌లో పంపమంటే మాత్రం పెద్దాయన ససేమిరా ఒప్పుకోరు. విజయవాడ అయినా సరే, ఎవరో ఒకరు వచ్చి చేతికి తీసుకోవలసిందే.